మాట్లాడుతుంటే మధ్యలో ఆపి హీ, షీ దిద్దాలా?

పెన్నాగట్టు:
స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునే ఇంటర్ అమ్మాయి రాసుకొచ్చిన సంభాషణ ఇది. ఒంగోలు బస్టాండులో ఇద్దరు స్నేహితురాళ్లు.
– వేర్ ఈజ్ యువర్ ఫాదర్?
– దే వెంట్ టు కావలి.
– అండ్ యువర్ మదర్?
– అవర్ మదర్ ఎట్ హోమ్. హీ హ్యాజ్ ఫీవర్. టుమారో వుయ్ ఆర్ గోయింగ్ టు నెల్లూరు.
పైకి చెబుతుంటే తప్పు దొర్లిన చోటల్లా ఆపాలా, అయ్యాక దిద్దాలా? అయ్యాకే అంటాను. నాలుగుసార్లు ఆపితే అయిదో వాక్యం నోట్లోంచి రాదు. అన్నది అన్నట్టు కాగితం మీద రాసుకొని, చివర్లో రెండే తప్పులు ఎత్తాలి.

కాలవొడ్డు:
మిగతా తప్పులకైతే సరే, సర్వనామానికి కుదరదండీ. "హీ హ్యాజ్ ఫీవర్" అనగానే జ్వరం నాన్నకనుకుంటారు, తర్వాతి ప్రశ్న అటే పోతుంది. అక్కడే ఆపాలి, "తప్పు" అనే మాట లేకుండా. "హూ? యువర్ ఫాదర్?" అని అడగండి. "నో, మై మదర్... షీ" అని తనే సర్దుకుంటుంది. రెండు మూడు సెకన్లు చూసి, రాకపోతేనే అందించాలి.

ఎర్రనేల:
ఏ తప్పు ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. "దే వెంట్" మన మర్యాదలోంచి వచ్చింది, "నాన్న వెళ్లారు" అంటాం కదా. నాన్నయినా కలెక్టరైనా మగవారు ఒక్కరైతే హీయే అని చెబితే పట్టుకుంటారు. (ఆడో మగో తెలియని ఒక్కరికి ఇంగ్లీషులోనూ దే వాడతారు. అది ఇప్పుడే చెప్పి తికమక పెట్టొద్దు.) "అవర్ మదర్" అచ్చంగా మన "మా అమ్మ". చెల్లెలితో అంటే సరిపోతుంది, స్నేహితురాలితో అంటే ఇద్దరికీ ఒకే అమ్మ అన్నట్టుంటుంది. మై అనాలి.

హీ, షీ తారుమారు మాత్రం వివరిస్తే పోయేది కాదు. "జరమొచ్చింది, ఇంట్లోనే ఉండాది" అని మనం సర్వనామం లేకుండానే నడిపేస్తాం. ఉండాడా, ఉండాదా అన్నది క్రియే చెబుతుంది. "తను" అంటే ఇద్దరికీ చెల్లుతుంది. ఇంగ్లీషులో ఆ బరువంతా ఒక్క చిన్న మాట మీదే పడుతుంది కాబట్టి నోటికి సాధన కావాలి. ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటో ఒకటి ముందు పెట్టి, ఒక్కొక్కరి గురించి మూడేసి వాక్యాలు చెప్పించండి. మగ, ఆడ మార్చి మార్చి వేలు పెట్టాలి. వరసగా మగవాళ్లనే చూపిస్తే హీ దానంతటదే వచ్చేస్తుంది, నేర్చుకున్నది ఏమీ ఉండదు. రోజూ అయిదు నిమిషాలు చాలు.

పెన్నాగట్టు:
చివర్లోని వుయ్ మాటేమిటి? వ్యాకరణానికి తప్పు లేదు కదా.

కాలవొడ్డు:
అన్నిటికన్నా దాన్నే ముందు పట్టుకోవాలి. "మేం పోతున్నాం" అంటే నువ్వు లేవు, "మనం" అంటే నువ్వూ ఉన్నావు. వుయ్‌లో రెండూ కలిసిపోతాయి, స్నేహితురాలు తనని కూడా రమ్మన్నారనుకుంటుంది. "మై పేరెంట్స్ అండ్ ఐ ఆర్ గోయింగ్" అని ముందు మనుషులను చెప్పించి, ఆ తర్వాతి వాక్యం నుంచి వుయ్ వాడించండి. అర్థం వేరే మనిషి మీదికి పోతే ఆపడం, పోకపోతే వదలడం, నా పద్ధతి ఇదే. "మదర్ ఎట్ హోమ్"లో జారిన ఈజ్‌ని మీరన్నట్టే చివరికి ఉంచొచ్చు.

పెన్నాగట్టు:
ఒక్కరికి చెప్పేటప్పుడు ఒప్పుకుంటాను. ముప్ఫయి మంది ముందు నిలబడ్డ పిల్లను "హూ?" అన్నా తప్పు పట్టినట్టే వినిపిస్తుంది. అక్కడ ఆ ప్రశ్న జతగా మాట్లాడే అమ్మాయి చేత అడిగిస్తాను.