క్రేన్ అంటే కొంగేనా?

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. నేనుండేది ఎడిన్‌బరోలో. వారానికోసారి స్కాటిష్ కంట్రీ డాన్స్ క్లాసుకు వెళ్తుంటాను. కర్రల్లేని కోలాటం అనుకోండి. మామూలుగా నాలుగు జంటలు ఒక సెట్టు. ఎదురెదురు వరసల్లో నిలబడి, చోట్లు మారుతూ ఆడతారు. ఈమధ్య క్రేన్ పక్షులు జతకట్టేటప్పుడు వేసే చిందుల్ని చూసి కట్టిన డాన్సొకటి నేర్పారు. అమ్మకు ఫోన్లో "క్రేన్ డాన్స్ నేర్చుకుంటున్నా" అంటే, "బిల్డింగులు కట్టేచోట ఉంటుందే, అదా?" అంది. "కాదమ్మా, కొంగల నాట్యం" అన్నాను. ఇక నవ్వు ఆపలేదు. "కొంగ జపం చేస్తుందిగానీ నాట్యం ఎప్పుడు చేసిందిరా?" అంది. దీన్ని తెలుగులో ఏమనాలి?

* * *

మీ అమ్మగారు అసలు సంగతే పట్టుకున్నారు. కొంగ అనగానే మనకు కనబడేది ఒంటికాలి మీద కదలకుండా నిలబడి, చేప రాగానే పొడిచే దొంగభక్తుడు. దానికీ ప్రేమకూ పొత్తు కుదరదు. ఇక ఆ యంత్రానికి పక్షి పేరు పెట్టింది పొడుగు మెడను చూసే. పాత గ్రీకులోనూ రెండింటికీ ఒకటే మాట. మన దగ్గరికి యంత్రం పేరు వచ్చింది, పక్షి పేరు రాలేదు.

* * *

పక్షుల పిచ్చివాణ్ణి, మధ్యలో దూరుతున్నా. క్రేన్ అసలు కొంగే కాదండీ. ఎగిరేటప్పుడు కొంగ మెడ ముడుచుకుంటుంది, క్రేన్ చాచి ఎగురుతుంది. ఉప్పలపాడులో చెట్ల నిండా వాలే ఎర్రకాళ్ళ కొంగలు కూడా క్రేన్లు కావు. క్రేన్ గూడు కట్టేది చెట్టు మీద కాదు, చిత్తడినేల మీద. బ్రిటన్‌లో వేటవల్లా, చిత్తడినేలలు ఎండగట్టడంవల్లా 1600 ప్రాంతానికే గూళ్ళు కట్టడం మానేశాయి. 1979లో నార్ఫోక్‌కు తిరిగొచ్చాయి. 2012 నుంచి స్కాట్లండ్‌లో అబర్డీన్‌షైర్ వైపు కూడా పిల్లల్ని చేస్తున్నాయి. అక్కడివాళ్ళు వాటి మీద డాన్సు కట్టుకున్నారంటే నాకు వింతేమీ అనిపించలేదు. ఇంతకీ ఆ డాన్సులో పక్షి ఎక్కడుంది?

* * *

నాకు తోచింది చెప్తాను. ఏ డాన్సైనా ముందు జంటలో ఒకరికొకరు వంగి దండం పెట్టుకోవడంతోనే మొదలవుతుంది. క్రేన్లూ తల వంచుతాయట కదా! తర్వాత 'సెట్టింగ్' అని ఒక అడుగు ఉంది. చేతులు కలపకుండా, కళ్ళలోకి చూస్తూ కుడికీ ఎడమకీ వేస్తారు. నిదానంగా సాగే స్ట్రాత్‌స్పే రకం డాన్సులో వేస్తే అచ్చం పక్షుల్లాగే ఉంటుంది. రెక్కలు విప్పి ఎగరడం, గడ్డిపరకలు పైకి విసరడం మాత్రం మావల్ల కాదు. మరి క్రౌంచ నృత్యం అంటే కుదురుతుందా?

* * *

రామాయణంలో బోయ బాణం తగిలినప్పుడు ఆ క్రౌంచం 'కామమోహితం'. అంటే జంట సరసాల్లో ఉన్న వేళ. అది సారస్ క్రేనేనని వాదించినవాళ్ళూ ఉన్నారు. కానీ క్రౌంచం అనగానే మన చెవికి శోకం వినిపిస్తుంది, పెళ్ళిపందిట్లో ఏడుపులా. సారస నృత్యం బాగానే ఉంటుంది, అయితే సారసం అంటే తామర కూడా. సారసాక్షి అంటే కొంగకళ్ళది కాదుగా! నన్నడిగితే పాత నిఘంటువుల్లో సారసపక్షికి చక్కటి తెలుగు మాట ఉంది: బెగ్గురు. మన మాటల్లో ఆట అంటే నాట్యమే కాబట్టి, 'బెగ్గురులాట' అనండి.

* * *

పెనుగులాటలా ఉంది మాస్టారూ! అయినా నాకు నచ్చింది. రాత్రే అమ్మకు చెప్పాను. "బెగ్గురంటే ఏంట్రా?" అంది. ఆరడుగుల పక్షి, పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, నీళ్ళ దగ్గర ఉంటుంది అని వివరించాను.

"కొంగేగా!" అంది.