బిట్‌కాయిన్ కోడ్ మార్చాలని పర్యావరణ ఉద్యమం కోరడం సబబేనా?

నీలిగన్నేరు (చర్చను ప్రారంభించినవారు)

2022 మార్చిలో గ్రీన్‌పీస్ అమెరికా శాఖ, ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్, మరికొన్ని సంస్థలు కలిసి, మార్చవలసింది వాతావరణాన్ని కాదు, కోడ్‌ను అనే నినాదంతో ఒక ప్రచారం చేపట్టాయి. విద్యుత్తును ధారపోసి లావాదేవీలను ధ్రువీకరించే ప్రూఫ్ ఆఫ్ వర్క్ పద్ధతిని బిట్‌కాయిన్ విడిచిపెట్టాలన్నది వారి డిమాండు. అదే ఏడాది సెప్టెంబరు 15న మరో పెద్ద క్రిప్టో నెట్‌వర్క్ ఇథీరియం, నాణేలను పూచీగా పెట్టినవారే లావాదేవీలను ధ్రువీకరించే ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారి తన విద్యుత్ వినియోగాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకోవడంతో, ఒకరు చేయగలిగినది మరొకరు ఎందుకు చేయరన్న ప్రశ్న సహజంగానే ముందుకు వచ్చింది. బిట్‌కాయిన్ పక్షం మాత్రం ఇసుమంతైనా కదలలేదు. ఈ డిమాండు న్యాయమైనదేనా, న్యాయమైనదే అయితే ఆచరణలో సాధ్యమేనా అన్నదానిపై సభ్యుల అభిప్రాయాలు కోరుతున్నాను. క్రిప్టో మొత్తం మోసమా కాదా అన్న పాత తగవును దయచేసి ఇక్కడికి తేవద్దు.

ముడికోడ్

ఈ డిమాండు ఎవరిని ఉద్దేశించినదో ముందు తేల్చుకోవాలి. ఇథీరియంకు ఒక ఫౌండేషన్ ఉంది, ఈ మార్పు గురించి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన ప్రణాళిక ఉంది, నలుగురూ మాట వినే వ్యవస్థాపకుడున్నాడు. 2009 జనవరిలో బిట్‌కాయిన్‌ను ప్రారంభించిన సతోషి నకమోటో ఎవరో నేటికీ తెలియదు. నోడ్‌లు, అంటే ఖాతాపుస్తకం నకలు ఉంచుకుని నియమాలను తనిఖీ చేసే కంప్యూటర్లు, నడిపేవారు తమంతట తాము ఒప్పుకుంటే తప్ప అందులో ఒక్క నియమమూ మారదు. పైగా ఆ ప్రచారానికి 50 లక్షల డాలర్లు సమకూర్చిన క్రిస్ లార్సన్ మరో క్రిప్టో సంస్థ రిపుల్‌కు సహ వ్యవస్థాపకుడు. పోటీదారు డబ్బుతో నడిచే ప్రచారాన్ని మేము అనుమానంగా చూడడంలో వింతేముంది?

ఇక వృథా అన్న మాట. ఖర్చవుతున్న ఆ విద్యుత్తే ఖాతాపుస్తకానికి కాపలా. పాత లెక్కను తిరగరాయదలచినవాడు అంతకు మించిన విద్యుత్తునూ యంత్రాలనూ సమకూర్చుకోవలసి వస్తుంది. ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌లో ఈ కాపలా నాణేలు ఎక్కువగా పోగేసుకున్నవారి చేతికి పోతుంది, అది మాకు సమ్మతం కాదు. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన నివేదిక ప్రకారం మైనింగ్‌కు, అంటే కొత్త నాణేల కోసం యంత్రాలతో ఈ ధ్రువీకరణ లెక్కలు చేయడానికి, వాడే విద్యుత్తులో 52.4 శాతం పునరుత్పాదక, అణు వనరులదే. బొగ్గు వాటా 8.9 శాతం మాత్రమే. బిట్‌కాయిన్ ఒక్కటే మూడు దశాబ్దాలలోపు భూతాపాన్ని 2 డిగ్రీలు దాటించగలదని 2018లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన వ్యాసం గుర్తుందా? అందులోని అంచనాలు నిలబడవని మరుసటి ఏడాది అదే పత్రికలో ఇతర పరిశోధకులు చూపించారు. భయపెట్టిన శీర్షికలు మాత్రం ఇప్పటికీ తిరుగుతున్నాయి.

గాలిమర

ముడికోడ్ గారు ఉదహరించిన నివేదికలోనే ఏడాదికి 138 టెరావాట్ గంటల వినియోగం, సుమారు 4 కోట్ల టన్నుల ఉద్గారాలు అన్న అంచనాలు కూడా ఉన్నాయి. పైగా అది ప్రపంచ మైనింగ్‌లో దాదాపు సగానికి మాత్రమే ప్రాతినిధ్యం వహించే సంస్థలు స్వయంగా ఇచ్చిన జవాబులపై ఆధారపడిన సర్వే.

అయినా నా అభ్యంతరం శాతాల మీద కాదు, ఈ యంత్రాంగం పనిచేసే తీరు మీద. బ్లాకులు, అంటే లావాదేవీల కట్టలు, సగటున పది నిమిషాలకు ఒకటి చొప్పునే రావాలి గనుక, ప్రతి 2016 బ్లాకులకు ఒకసారి, అంటే దాదాపు రెండు వారాలకు, నెట్‌వర్క్ మైనర్ల యంత్రాలు పోటీపడి చేసే లెక్క కఠినత్వాన్ని సవరించుకుంటుంది. తక్కువ విద్యుత్తుతో రెట్టింపు పనిచేసే యంత్రం మార్కెట్లోకి వస్తే మిగతా రంగాల్లో ఆదా జరుగుతుంది. ఇక్కడ లెక్క మరింత కఠినమై, మిగిలిన విద్యుత్తును మరిన్ని యంత్రాలు తాగేస్తాయి. 2024 ఏప్రిల్ హావింగ్ (మైనర్ల ప్రతిఫలం సగానికి తగ్గడం) తరువాత బ్లాకుకు 3.125 నాణేల చొప్పున రోజుకు సుమారు 450 కొత్త నాణేలు పుడుతున్నాయి. అవి మార్కెట్లో పలికే ధరకు దరిదాపుల దాకా విద్యుత్తు మీద, యంత్రాల మీద ఖర్చు చేయడానికి మైనర్లు వెనుకాడరు. అంటే వినియోగాన్ని నిర్ణయించేది వాడుకదారుల అవసరం కాదు, నాణెం ధర. ధర పెరిగితే పొగ పెరిగే వ్యవస్థకు సామర్థ్యం మందు కాదు, అందుకే కోడ్ గురించి అడగవలసి వస్తోంది.

స్వచ్ఛ విద్యుత్తు వాటా కూడా గాలివాటమే. 2021లో చైనా మైనింగ్‌పై వేటు వేసినప్పుడు చాలామంది సంతోషించారు. కానీ మైనర్లు అక్కడి జలవిద్యుత్తును వదిలి కజక్‌స్తాన్ బొగ్గు విద్యుత్తుకూ అమెరికా గ్యాస్ విద్యుత్తుకూ తరలిపోగా, పునరుత్పాదక వాటా 41.6 నుంచి 25.1 శాతానికి పడిపోయిందని 2022లో జూల్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

ఈ ఆందోళనను పర్యావరణవాదులు పుట్టించారని అనుకునేవారికి ఒక మాట. బిట్‌కాయిన్ తొలి లావాదేవీని అందుకున్న హాల్ ఫినీ 2009 జనవరిలోనే, ఇది విస్తరిస్తే వెలువడే కర్బన ఉద్గారాలను ఎలా తగ్గించాలా అని ఆలోచిస్తున్నట్టు ట్వీట్ చేశారు.

ముడికోడ్

ఫినీ గారు అడిగింది తగ్గించడం గురించే, ఆపేయడం గురించి కాదు. నార్వేలోని హాడ్‌సెల్‌లో ఒక మైనింగ్ కేంద్రం మోత భరించలేక స్థానికులు ఫిర్యాదులు చేశారు. 2024లో అది మూతపడింది. తీరా చూస్తే గ్రిడ్ సంస్థ తన అతిపెద్ద వినియోగదారును పోగొట్టుకుని, ఆ లోటును మిగతా ఇళ్ల బిల్లులపై సుమారు 20 శాతం పెంపుగా సర్దుబాటు చేయవలసి వచ్చింది. టెక్సస్‌లో ఎండలు మండిపోయిన 2023 ఆగస్టులో రియట్ అనే మైనింగ్ సంస్థ యంత్రాలు ఆపి గ్రిడ్‌కు వెసులుబాటు కల్పించింది. అడిగిన మరుక్షణం ఆగిపోగల పరిశ్రమలు మరెన్ని ఉన్నాయి?

లెక్కలపుస్తకం

టెక్సస్ ఉదాహరణను సగంలో ఆపడం భావ్యం కాదు. యంత్రాలు ఆపినందుకు ఆ నెలలో రియట్‌కు దక్కిన విద్యుత్ క్రెడిట్లు 3.17 కోట్ల డాలర్లు. అది తవ్వినవి 333 బిట్‌కాయిన్లు. నాటి ధరల్లో ఆ నాణేల విలువ క్రెడిట్లలో మూడో వంతుకు కూడా రాదు. ముందు గ్రిడ్ మీద భారం వేసి, ఆ భారం దించినందుకు కూలి అడగడాన్ని సేవ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఉద్యమకారులూ ఆయుధాలను సరిగా ఎంచుకోలేదు. ఒక్కో లావాదేవీకి ఇంత విద్యుత్తు అన్న అంకె ప్రచారానికి బాగుంటుంది గానీ, గాలిమర గారు వివరించినట్టు వినియోగం లావాదేవీల సంఖ్యను అనుసరించదు. 2023 మార్చిలో గ్రీన్‌పీస్ కోసం బెంజమిన్ వాన్ వాంగ్ అనే కళాకారుడు ఎలక్ట్రానిక్ వ్యర్థాలతో 11 అడుగుల పుర్రెను తయారుచేశారు: కళ్లలో ఎర్రటి లేజర్ వెలుగు, నెత్తిన పొగగొట్టాలు. బిట్‌కాయిన్ అభిమానులు దాన్ని చూసి నొచ్చుకోకపోగా ముచ్చటపడి తమ చిహ్నంగా చేసుకున్నారు!

నా దృష్టిలో కోడ్ మార్చమన్న డిమాండుకు చిరునామా లేదు, కర్మాగారానికి ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు ఒడ్డున మూతపడిన బొగ్గు కేంద్రాన్ని గ్యాస్‌కు మార్చి, గ్రీనిడ్జ్ సంస్థ మైనింగ్‌కు వాడుకుంది. దాని వాయు కాలుష్య అనుమతిని పునరుద్ధరించడానికి 2022 జూన్‌లో రాష్ట్ర పర్యావరణ శాఖ నిరాకరించగా వ్యవహారం కోర్టుకెక్కింది. శిలాజ ఇంధన కేంద్రాలలో ఇలాంటి మైనింగ్‌కు కొత్త అనుమతులను రెండేళ్లు నిలిపివేసే చట్టంపై ఆ నవంబరులో గవర్నర్ సంతకం చేశారు. ఆ చట్టం రావడానికి ఏ నోడ్ అనుమతీ అవసరం కాలేదు.

గాలిమర

చైనా నుంచి వెళ్లిపోయినట్టే న్యూయార్క్ నుంచీ వెళ్లిపోతారన్న సందేహం ఉన్నా, ఈ మార్గానికి నేను ఒప్పుకుంటాను. అయితే కర్మాగారాలు ఎక్కడున్నాయో, ఎంత వాడుతున్నాయో తెలియాలి కదా. 2024 ఆరంభంలో అమెరికా ఇంధన సమాచార సంస్థ ఆ వివరాల కోసం అత్యవసర సర్వే మొదలుపెడితే, టెక్సస్ బ్లాక్‌చెయిన్ కౌన్సిల్ అనే పరిశ్రమ సంఘం, రియట్ కోర్టుకు వెళ్లాయి. చివరకు ప్రభుత్వం సర్వేను ఉపసంహరించి, సేకరించిన సమాచారాన్ని నాశనం చేయడానికి అంగీకరించింది. ప్రతి బ్లాకునూ లోకమంతా తనిఖీ చేసుకోవచ్చునని గర్వంగా చెప్పే పక్షం మీటరు రీడింగు దగ్గర ఎందుకు వెనక్కి తగ్గుతోంది?

ముడికోడ్

ఆ దావా ప్రజాభిప్రాయం కోరకుండా అత్యవసరం పేరుతో సర్వేను తెచ్చిన తీరు మీద. పద్ధతి ప్రకారం అడిగితే మీటరు చూపడానికి నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదు. అదే ప్రశ్నావళిని కృత్రిమ మేధ డేటా సెంటర్లకూ పంపండి, జవాబులు పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం.