చర్చ: ఎన్నికల సర్వేలు ఓటును కొలుస్తాయా, మారుస్తాయా?

కాగడా: ఎన్నికల ముందు వెలువడే సర్వేలు ఓటరు మనసును చదువుతాయని అందరూ అంటారు, అవి ఆ మనసును మారుస్తాయని నేను అంటున్నాను. ఫలానా పార్టీయే వస్తుందని పదే పదే వింటే, ఎటూ తేల్చుకోని వారిలో కొందరైనా గెలిచే గుర్రం వైపు మొగ్గుతారు. అందువల్ల ప్రచారం మొదలైన నాటి నుంచి పోలింగ్ ముగిసే వరకు సర్వేల ప్రచురణను నిషేధించాలి. ఇటలీలో పోలింగుకు ముందు 15 రోజుల పాటు ఈ నిషేధం ఉంది. అక్కడ ఆకాశమేమీ విరిగిపడలేదు.

తూనికరాయి: సర్వేలకు అంత శక్తే ఉంటే 1948లో అమెరికా అధ్యక్షుడిగా డ్యూయీ ఎన్నికై ఉండాలి. అప్పటి పేరుమోసిన సర్వేకారులు గాలప్, రోపర్, క్రాస్లీ ముగ్గురూ ఆయనే గెలుస్తాడన్నారు. రోపర్ అయితే ఫలితం తేలిపోయిందన్న నమ్మకంతో సెప్టెంబరులోనే సర్వేలు ఆపేశాడు. గెలిచింది ట్రూమన్. గెలిచే గుర్రం ఏదో అంత స్పష్టంగా చెప్పినప్పుడు జనం దాని వెంట ఎందుకు వెళ్లలేదో కాగడా గారు వివరించాలి.

పాతసంచిక: 1936ను మరిచిపోకూడదు. 'లిటరరీ డైజెస్ట్' పత్రిక సుమారు కోటి మందికి పత్రాలు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు అందుకొని, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలకు గాను 46 గెలుచుకున్నాడు.

కాగడా: సర్వేలు నిజమవుతాయా అన్నది నా ప్రశ్న కాదు. తప్పుడు సర్వే కూడా ఓటును కదిలించగలదు. ఎలాగూ గెలుస్తున్నామన్న ధీమాతో డ్యూయీ అభిమానులు కొందరు ఇంట్లోనే ఉండిపోయారేమో, అప్పుడు ఆ సర్వే తప్పడానికి కారణం ఆ సర్వేయే అవుతుంది కదా?

తూనికరాయి: ముందున్నవాడు గెలిస్తే గాలివాటం, ఓడితే అతిధీమా, వెనుకబడినవాడు పుంజుకుంటే సానుభూతి! ఏ ఫలితం వచ్చినా నిలబడే వాదానికి రుజువు అవసరం లేదు, అందువల్ల విలువా లేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1954లోనే గెలిచేవారి వైపు మొగ్గడాన్నీ, ఓడేవారిపై సానుభూతినీ లెక్కలోకి తీసుకొని, ఓటర్లు ఎలా స్పందిస్తారో తెలిస్తే ఆ స్పందనను కలుపుకొని కూడా సరైన అంచనా ప్రకటించడం సూత్రరీత్యా సాధ్యమేనని చూపాడు. ఆ స్పందన ఎంతో కొలవాలి, మీరు ఊహిస్తున్నారు.

వెన్నెలవాకిలి: మా ఇంట్లో ఎవరూ సర్వే చూసి ఓటు వేయలేదు.

పాతసంచిక: మీ ఇల్లు నమూనాకు సరిపోదండి.

కాగడా: ఊహ అన్నారు కనుక అనుభవం చెబుతాను. ఒక చిన్న పార్టీ అభ్యర్థి తరఫున నేను ఇంటింటికీ తిరిగి పనిచేశాను. మా ప్రచారం ఊపందుకుంటున్న సమయంలో ఒక ఛానల్ సర్వే ప్రసారం చేసి, మా అభ్యర్థిని బాగా వెనుకబడిన మూడో స్థానంలో చూపించింది. ఎంతమందిని అడిగారో, ఏ రోజుల్లో అడిగారో, ఖర్చు ఎవరు భరించారో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆ తరువాత విరాళం ఇస్తామన్నవారు ఫోన్ ఎత్తడం మానేశారు, కార్యకర్తలు ఒక్కొక్కరే జారుకున్నారు, అంతకుముందు ఆదరంగా మాట్లాడిన ఇళ్లలోనే "మీ మనిషి మంచివాడే, కానీ మా ఓటు వృథా అవుతుంది" అన్న మాట వినిపించింది. చివరికి మాకు వచ్చిన ఓట్లు ఆ సర్వే చెప్పిన అంకెకు దగ్గరగానే ఉన్నాయి. సర్వే నిజమైందని లోకమంతా మెచ్చుకుంది. అది నిజం కాలేదు, నిజం చేయబడింది.

తూనికరాయి: మీ బాధ అర్థమవుతుంది. అయితే మీ మద్దతు ముందే అంతంతమాత్రంగా ఉండి, సర్వే దానిని ఉన్నదున్నట్లు చూపినా ఇదే జరిగేది. ఓడినవారికి తూకంలో మోసం కనిపించడం కొత్తేమీ కాదు.

కాగడా: ఆ తూకంతో జీతం తీసుకున్నవారికి మోసం కనిపించకపోవడమూ కొత్తేమీ కాదు.

తూనికరాయి: నేను సర్వే సంస్థలో పనిచేశానని ఈ వేదికలో ఏనాడూ దాచలేదు. వాదన చేతకాక వృత్తి మీద పడితే ఇక మాట్లాడేదేముంది?

నిర్వాహకులు: సభ్యులు విషయానికే పరిమితం కావాలని మనవి.

రేగుపండు: మీరిద్దరూ ప్రభావం ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోయారు, కానీ కొన్ని చోట్ల అది బాహాటంగానే కనిపించింది. జర్మనీలో చట్టసభలో చోటు దక్కాలంటే పార్టీకి సాధారణంగా 5 శాతం ఓట్లు రావాలి. 2013 జనవరిలో లోయర్ శాక్సనీ రాష్ట్ర ఎన్నికలకు ముందు, ఎఫ్‌డీపీ అనే చిన్న పార్టీ ఆ గీత దాటుతుందో లేదో చెప్పలేమని సర్వేలు సూచించాయి. మిత్రపక్షం మునిగిపోతుందన్న భయంతో, దానితో కలిసి పాలిస్తున్న పెద్ద పార్టీ సీడీయూ అభిమానులు ఎందరో తమ రెండో ఓటును, అంటే అభ్యర్థికి కాక పార్టీకి వేసే ఓటును, దానికి అరువిచ్చారు. ఎఫ్‌డీపీకి 9.9 శాతం వచ్చింది. కూటమి మాత్రం ఒక్క సీటు తేడాతో అధికారం కోల్పోయింది. అదే ఏడాది సెప్టెంబరు జాతీయ ఎన్నికల్లో ఓటు అరువివ్వవద్దని సీడీయూ గట్టిగా చెప్పింది, ఎఫ్‌డీపీ 4.8 శాతం దగ్గర ఆగి సభకే దూరమైంది. ఫ్రాన్స్‌లో 2002 అధ్యక్ష ఎన్నికల తొలి విడతలో 16 మంది పోటీ చేశారు. మొదటి ఇద్దరే రెండో విడతకు వెళ్తారు. మితవాద షిరాక్, వామపక్ష జోస్పాన్ అక్కడికి చేరడం ఖాయమన్న భావనను సర్వేలు బలపరిచాయి. వామపక్ష ఓట్లు చిన్న అభ్యర్థుల మధ్య చీలిపోయాయి. తీవ్ర మితవాది లె పెన్‌కు 16.86 శాతం, జోస్పాన్‌కు 16.18 శాతం వచ్చి, జోస్పాన్ తొలి విడతలోనే తప్పుకోవలసి వచ్చింది. ఆ ఓటర్లకు అసలు పరిస్థితి తెలిసి ఉంటే కొందరైనా మరోలా వేసేవారు కాదా?

తూనికరాయి: మంచి ఉదాహరణలు, కానీ లోయర్ శాక్సనీలో జరిగినది ప్రభావానికి లోబడటం కాదు, సమాచారాన్ని వాడుకోవడం. ఓటరు అంకె చూసి, లెక్క వేసుకొని, తన ఓటును ఎక్కడ పనికొస్తుందో అక్కడ పెట్టాడు.

కాగడా: అసలు తగవు ఇక్కడుంది. ఓటు అంటే ఎవరు తగినవారో నేను చెప్పే మాట. మీకేమో అది ఎక్కడ పనికొస్తే అక్కడ పెట్టే పెట్టుబడి. మా అభ్యర్థి తగినవాడని నమ్మిన ప్రతివారూ ఆయనకే వేసి ఉంటే ఎన్ని ఓట్లు వచ్చేవో ఇక ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే పక్కవారు ఏం చేస్తారో చూసుకొని వేయమని మీరు వారికి నేర్పారు.

తూనికరాయి: నేను నేర్పలేదు, ఒక్కరే గెలిచే పోటీలో ఆ లెక్క సర్వేలు లేకున్నా ఉంటుంది. ఎవరు పాలించాలో తేల్చడానికే ఓటు వేస్తారు, అలా వేసేవారికి పోటీ ఎవరి మధ్య ఉందో తెలుసుకునే హక్కు ఉంది. ప్రచురణ నిషేధిస్తే పెద్ద పార్టీలు సొంత డబ్బుతో సర్వేలు చేయించుకుంటూనే ఉంటాయి. ఓటరు ఒక్కడే చీకట్లో ఉంటాడు. చివరి మూడు రోజుల ప్రచురణ నిషేధాన్ని కెనడా సుప్రీంకోర్టు 1998లో కొట్టివేసింది కూడా.

వెన్నెలవాకిలి: చీకట్లో ఉన్నా మా ఇంట్లో అదే ఓటు.

కాగడా: కోర్టు కొట్టివేసినంత మాత్రాన నా అభిప్రాయం మారదు. మీరు అక్కడ పనిచేశారు కనుక ఒక్కటి అడుగుతాను. మీ సంస్థ చేసిన సర్వేలన్నిటికీ డబ్బు ఎవరిచ్చారో బయట పెట్టేదా?

తూనికరాయి: ప్రచురించినవాటికి పెట్టేవాళ్లం.

కాగడా: ప్రచురించనివి ఎన్నో ఉండేవన్నమాట. ఏది ప్రచురించాలో, ఏది ఆపాలో ఎవరు నిర్ణయించేవారు?

తూనికరాయి: డబ్బు ఇచ్చినవారు.