చార్జర్ పెట్టగానే గుంయ్‌మనే మోత: మీరేం చేశారు?

బొబ్బిలి_తీగలు:
వీణకు కాంటాక్ట్ మైకు (వాయిద్యానికే అంటించి, దాని కంపనాన్ని పట్టేది) పెట్టి, మిక్సర్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేస్తున్నాను. చార్జర్ పెట్టగానే గుంయ్‌మని మోత మొదలవుతోంది. మంద్రంలో గమకం పలికించినప్పుడు దాని చివర అంతా ఆ మోత కిందే పోతోంది. చార్జర్ తీస్తే నిశ్శబ్దం. కానీ బ్యాటరీ కచేరీ మొత్తానికి సరిపోదు.

విజయనగరం_సౌండ్:
చార్జర్ తీస్తే పోయిందంటే చాలావరకు గ్రౌండ్ లూపే. మిక్సర్‌కి ఒక ఎర్త్, చార్జర్‌కి ఇంకో ఎర్త్. రెండూ ఒకే వోల్టేజ్ మట్టంలో ఉండవు కాబట్టి ఆ తేడా కరెంటు ఆడియో కేబుల్ షీల్డ్‌లోంచి, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగులోంచి పారుతుంది. మన సప్లై 50 హెర్ట్జ్, మీకు వినబడేది అదీ దాని రెట్టింపులూ. ముందు అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి.

పలాస_డీజే:
మేము చార్జర్‌కి ఎర్త్ పిన్ లేని ప్లగ్ వేశాం అన్నా, మోత పోయింది.

విజయనగరం_సౌండ్:
తమ్ముడూ, దయచేసి ఆ ప్లగ్ ఈరోజే మార్చెయ్. లోపల ఇన్సులేషన్ పాడైన రోజున ఆ కరెంటు మైకు పట్టుకున్న మనిషిలోంచే పోతుంది. పందిట్లో తడి నేల మీదైతే మరీ ప్రమాదం. తెంపాల్సింది ఎర్త్‌ని కాదు, ఆడియో దారిని. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ గానీ ఐసోలేటర్ గానీ మధ్యలో పెట్టు. రెండు వైపుల తీగలూ నేరుగా కలవకుండా ఆడియోని మాత్రం దాటించే పెట్టెలవి.

రాజాం_రికార్డింగ్:
ఐసోలేటర్ మరీ చౌకది కొనకండి, కింది స్వరాలు పలచబడతాయి. వీణకు అవే ప్రాణం కదా. వైరుకి తొడిగే ఫెర్రైట్ పూస రేడియో గోలకే పనికొస్తుంది, ఈ మోతను ఆపలేదు.
మౌస్ కదిపినప్పుడు కీచుమంటే అది వేరే జబ్బు, యూఎస్‌బీ పవర్‌లోంచి వస్తుంది. సొంత సప్లై ఉన్న సౌండ్ కార్డు వాడి, బ్యాలెన్స్‌డ్ కేబుల్ (రెండు సిగ్నల్ తీగలతో బయటి గోలను రద్దు చేసేది) వేశాక నాకు తగ్గింది. యూఎస్‌బీ ఐసోలేటర్ (యూఎస్‌బీ దారిలో అలాగే తీగ సంబంధం తెంపేది) కొనేవాళ్లు డేటా స్పీడు చూసుకోండి. చాలావాటికి 12 ఎంబీపీఎస్ మించదు, 480 ఎంబీపీఎస్ కావాల్సిన సౌండ్ కార్డులు వాటితో పనిచెయ్యవు.

సోంపేట_తీరం:
మాది ఇసుక నేల. వేసవిలో ఎర్తింగ్ గొయ్యి ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. ఎలక్ట్రీషియన్‌తో దాన్ని కూడా చూపించండి.

బొబ్బిలి_తీగలు:
ఒకే బోర్డుకి మార్చాక మోత చాలా తగ్గింది. డీఐ బాక్స్ పెట్టాక పూర్తిగా పోయింది. ఇంకా సన్నగా చిటచిట ఉంటే ఫ్యాన్ ఆపి చూశాను, అది రెగ్యులేటర్‌ది. మైకు వైరు ఆ గోడకి దూరంగా మార్చాను. ఇప్పుడు మంద్రం తీగ ఆఖరి కంపనం దాకా వినబడుతోంది. అందరికీ ధన్యవాదాలు. పలాస తమ్ముడూ, ప్లగ్ మార్చావా?

పలాస_డీజే:
మార్చేశానన్నా. మా జట్టులో మిగతావాళ్లకీ చెప్పాను.