జపాన్ నుంచి తెప్పించిన లెన్స్ వెనక్కి పంపడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, మల్కాజిగిరి. జపాన్‌లోని ఒక అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో పాత కెమెరా లెన్స్ కొన్నాను. ‘ఫంగస్ లేదు’ అని స్పష్టంగా రాసి పెట్టాడు. తీరా వచ్చాక టార్చి వేసి చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడు దారాల్లా ఫంగస్ పాకి ఉంది. మీ ఊరి తేమకి పట్టిందేమో అంటాడు! పెట్టె విప్పిన రోజే ఫొటోలు పంపాను మరి.

గట్టిగా అడిగితే దిగొచ్చాడు. లెన్స్ చేరాక డబ్బులిస్తాడట, పంపే ఖర్చు మాత్రం నాదేనట.

అబిడ్స్ జీపీవోలో అంతర్జాతీయ స్పీడ్ పోస్ట్ చేస్తే సరిపోతుందా, ప్రైవేటు కొరియరే మేలా? కస్టమ్స్ ఫారంలో ‘రిటర్న్‌డ్ గూడ్స్’ అని రాసి, పాత ఇన్‌వాయిస్ జతచేద్దామనుకుంటున్నాను. విలువ కొన్న ధరే వేయాలా?

ఇక నేను కట్టిన సుంకం సంగతి. 1962 కస్టమ్స్ చట్టం సెక్షన్ 74 కింద, వాడకుండా తిరిగి ఎగుమతి చేసిన సరుకుపై 98 శాతం దాకా వెనక్కి వస్తుందని ఉంది. ఒక్క లెన్స్ కోసం ఎవరైనా నిజంగా తెచ్చుకున్నారా? కస్టమ్స్ పని చేసిపెట్టే ఏజెంటు ఫీజు ఆ సుంకాన్ని మించిపోయేలా ఉంటే ఆ ఊసే ఎత్తను.

అసలు టెన్షన్ వేరే. అతను డబ్బు ఎగ్గొడితే బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని) అడగొచ్చు, కానీ దానికి గడువుంటుంది. పార్సిల్ చేరేలోగా అది దాటిపోతే? ముందే ఫిర్యాదు పెట్టేయాలా, పెడితే అతను బిగుసుకుపోతాడా?