3 కోట్ల రికార్డుల ఆర్డర్స్ టేబుల్ బాగా స్లో అయింది, ఈ రాత్రికి వాక్యూమ్ ఫుల్ కొట్టేయమంటారా?

గోదారి_డెవ్:
మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14, 32 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. ఆర్డర్స్ టేబుల్‌లో దాదాపు 3 కోట్ల రికార్డులున్నాయి, ఒక్కో ఆర్డర్‌కి స్టేటస్ నాలుగైదు సార్లు అప్‌డేట్ అవుతుంది. ఒక స్టోర్‌కి ఇవాళ్టి పెండింగ్ ఆర్డర్లు తెచ్చే క్వెరీ మొన్నటిదాకా క్షణంలో వచ్చేది, ఇప్పుడు 9 సెకన్లు పడుతోంది, మధ్యాహ్నం లోడ్ ఉన్నప్పుడైతే టైమవుటే. కోడ్ ఏమీ మారలేదు. డేటాని మెమరీలో ఉంచుకునే షేర్డ్ బఫర్స్ 128 ఎంబీ నుంచి 8 జీబీకి పెంచాం, పెద్ద తేడా లేదు. టీమ్‌లో ఒకరు ర్యామ్ పెంచుదామంటారు, ఇంకొకరు రాత్రికి వాక్యూమ్ ఫుల్ కొట్టేద్దామంటారు. క్లయింట్ నుంచి రోజూ ఫోన్లు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

పాత_డీబీఏ:
వాక్యూమ్ ఫుల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది టేబుల్ మొత్తాన్ని కొత్త ఫైల్‌లోకి తిరగరాస్తుంది, రాస్తున్నంతసేపూ యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ పట్టుకుంటుంది కాబట్టి అప్‌డేట్లే కాదు, మామూలు సెలెక్ట్ కూడా ఆగిపోతుంది, పైగా ఆ కొత్త కాపీకి డిస్క్‌లో అదనంగా చోటుండాలి.

ముందు క్వెరీ ఎలా నడుస్తుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్‌కి అనలైజ్, బఫర్స్ ఆప్షన్లు ఇచ్చి ప్లాన్ తీయండి. ఎన్ని మిల్లీసెకన్లని కాదు, క్వెరీ నడిపే దారి ఎంచుకునే ప్లానర్ అనుకున్న రికార్డులెన్ని, నిజంగా వచ్చినవెన్ని, దానికోసం ఎన్ని పేజీలు చదివింది, అది చూడండి. తర్వాత పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో ఆ టేబుల్‌కి డెడ్ టపుల్స్ (పనికిరాని పాత వెర్షన్లు) ఎన్నున్నాయో, తనంతట తానే నడిచే ఆటోవాక్యూమ్ చివరిగా ఎప్పుడు నడిచిందో చెప్పండి. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత వెర్షన్‌ని అలాగే వదిలేసి కొత్తది రాయడమే, ఆ పాతవాటిని ఊడ్చేది వాక్యూమ్. డిఫాల్ట్‌గా అవి టేబుల్‌లో 20 శాతం దాటితేగానీ ఆటోవాక్యూమ్ కదలదు, మీ టేబుల్‌కి అది 60 లక్షలు! ఈ ఒక్క టేబుల్‌కే ఆ శాతాన్ని నిర్ణయించే స్కేల్ ఫ్యాక్టర్‌ని 0.02 చేసుకోవచ్చు.

రాత్రి_షిఫ్ట్:
వర్క్ మెమ్ (సార్ట్ లాంటి పనులకిచ్చే మెమరీ) డిఫాల్ట్ 4 ఎంబీయే కదా, 256 పెట్టి చూడండి బ్రో. మా రిపోర్టులు చాలా స్పీడయ్యాయి.

పాత_డీబీఏ:
రిపోర్టులకి సరే గానీ సర్వర్ మొత్తానికి పెట్టకండి. అది కనెక్షన్‌కి ఒకటి కాదు, క్వెరీలో ఉన్న ప్రతి సార్ట్‌కీ ప్రతి హ్యాష్‌కీ విడివిడిగా వాడుకోవచ్చు. 100 కనెక్షన్లు ఒకేసారి ఒక్కో పెద్ద సార్ట్ చేస్తే 25 జీబీ దాటుతుంది, ఆయన మెషీన్‌లో 8 జీబీ ఇప్పటికే బఫర్స్‌కి పోయింది. ప్లాన్‌లో సార్ట్ డిస్క్ మీదకి వెళ్లినట్టు కనిపిస్తేనే, అదీ ఆ రిపోర్ట్ నడిపే యూజర్‌కే పెంచండి.

గోదారి_డెవ్:
చూశానండీ. ఆటోవాక్యూమ్ నిన్న రాత్రి నడిచింది, ఇవాళ పొద్దున కూడా నడిచింది, అయినా డెడ్ టపుల్స్ 1 కోటి 10 లక్షలున్నాయి. నేనే వాక్యూమ్ వెర్బోస్ ఇస్తే దాదాపు అన్నిటినీ ఇంకా తీసేయడానికి వీల్లేదంటోంది. ప్లాన్‌లో స్టోర్ ఐడీ ఇండెక్స్ వాడుతోంది, తేదీ మాత్రం ఫిల్టర్‌లో పడుతోంది. క్వెరీలో డేట్(క్రియేటెడ్_యాట్) = కరెంట్_డేట్ అని ఉంది.

పాత_డీబీఏ:
అయితే సెట్టింగులు కాదు, ఎవరో పాత ట్రాన్సాక్షన్ ఒకటి తెరిచి వదిలేశారు. ఆ ట్రాన్సాక్షన్‌కి పాత వెర్షన్లు ఇంకా అవసరం కావచ్చు కాబట్టి వాక్యూమ్ వాటిని ముట్టుకోదు, ఎన్నిసార్లు నడిచినా అంతే. ఇప్పుడున్న కనెక్షన్లని చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో బ్యాకెండ్_ఎక్స్‌మిన్ (ఆ కనెక్షన్‌కి ఇంకా కావాల్సిన పాత వెర్షన్ల హద్దు), బ్యాకెండ్_ఎక్స్‌ఐడీ (దాని ట్రాన్సాక్షన్ నంబర్) రెండిటి వయసూ చూసి అన్నిటికన్నా పాతది ఎవరిదో పట్టుకోండి. అక్కడ దొరక్కపోతే ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ (కాపీ సర్వర్ కోసం డేటా పట్టి ఉంచేది), కమిట్ కాకుండా మిగిలిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్, హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్‌లో ఉన్న రెప్లికా (కాపీ సర్వర్), ఇవీ చూడాలి. దొరికాక పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తోనే ఆపండి. దయచేసి సర్వర్‌లో ప్రాసెస్‌ని బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కొట్టకండి, అలా చేస్తే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంపేసి క్రాష్ రికవరీకి వెళ్తుంది.

ఇండెక్స్_ఇంటాయన:
క్వెరీ సంగతి కూడా చూడండి. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుడితే దాని మీదున్న మామూలు ఇండెక్స్ పనికిరాదు. క్రియేటెడ్_యాట్ >= కరెంట్_డేట్, < కరెంట్_డేట్ + 1 అని రాయండి, స్టోర్ ఐడీ ముందు, క్రియేటెడ్_యాట్ తర్వాత ఉండేలా, పెండింగ్ స్టేటస్ ఉన్నవాటికి మాత్రమే ఒక పార్షియల్ ఇండెక్స్ వేయండి. 3 కోట్లలో పెండింగ్‌వి కొన్ని వేలే ఉంటాయి కాబట్టి ఇండెక్స్ చాలా చిన్నగా ఉంటుంది. లైవ్‌లో వేస్తున్నారు కదా, రైట్‌లు ఆగకుండా ఇండెక్స్ వేసే కన్‌కరెంట్‌లీ ఆప్షన్ తప్పనిసరి. మధ్యలో ఫెయిలైతే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ వేయాలి.

గోదారి_డెవ్:
దొరికింది! ఒక రిపోర్ట్ స్క్రిప్ట్, రిపీటబుల్ రీడ్‌లో (మొదట చూసిన డేటానే చివరిదాకా చూసే మోడ్) మొదలై, గత వారం నుంచి ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి పనేమీ చేయకుండా, ఉంది. దాన్ని ఆపి వాక్యూమ్ అనలైజ్ నడిపితే డెడ్ టపుల్స్ కొన్ని వేలకి వచ్చేశాయి. క్వెరీ మార్చి ఇండెక్స్ కూడా వేశాక 20 మిల్లీసెకన్లలోపే వస్తోంది. ఇద్దరికీ చాలా థాంక్సండీ. టేబుల్ సైజు మాత్రం డిస్క్‌లో తగ్గలేదు, అది మామూలేనా?

పాత_డీబీఏ:
మామూలే. వాక్యూమ్ ఆ చోటుని టేబుల్‌కే మళ్లీ వాడుకోవడానికి ఇస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కి సాధారణంగా వెనక్కివ్వదు. కొత్త అప్‌డేట్లు అందులోనే సర్దుకుంటాయి. డిస్క్ నిజంగా ఇరుకైతే టేబుల్‌ని తిరగరాసి చిన్నది చేసే పీజీ_రీప్యాక్ టూల్ వాడండి, టేబుల్‌కి ప్రైమరీ కీ ఉండాలి, దీనికి కూడా కొత్త కాపీకి సరిపడా చోటుండాలి, పని జరుగుతున్నంతసేపూ రీడ్‌లు, రైట్‌లు నడుస్తాయి, మొదట్లో, చివర్లో మాత్రం కాసేపు గట్టి లాక్ పడుతుంది. ఈలోపు ఆ రిపోర్ట్ యూజర్‌కి ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ 10 నిమిషాలు పెట్టేయండి, ఇవాళే.