పొట్టి పెట్టలు: ఏ పుంజు మరుగుజ్జు జన్యువు మోస్తోందో తేల్చడం ఎలా?

ఒకే నాటు పుంజు, ఆరు మామూలు పెట్టలు. జనవరిలో పొదిగిన 41 పిల్లల్లో 19 పెట్టలు, వాటిలో 10 కురచ కాళ్లతో ఆగిపోయాయి. 16 వారాలకు 900 గ్రాములు దాటలేదు, మిగతా పెట్టలేమో కిలోన్నర. పుంజుల్లో పొట్టిది ఒక్కటీ లేదు.

మేత మార్చాను, నట్టల మందు వేశాను, వేరే గూట్లో పెట్టాను. ఏం తేడా లేదు.

పెట్టల్లోనే, అదీ సగంలోనే ఉంది కాబట్టి కోళ్లలో ఆడా మగా తేల్చే జడ్ క్రోమోజోమ్ మీది మరుగుజ్జు జన్యువని నా అనుమానం (పుంజుకు జడ్‌లు రెండు, ఒకటి మామూలుదైతే పొట్టితనం పైకి కనిపించదు; పెట్టకు జడ్ ఒక్కటే కదా). తండ్రిని పక్కన పెట్టేశాను. చిక్కంతా దాని 22 మంది కొడుకులతోనే. కాళ్లు కొలిచినా, తూచినా ఏది మోస్తోందో తెలియడం లేదు.

మామూలు పెట్టలతో జతకట్టిస్తే, ఒక్కో పుంజుకు వరసగా ఎన్ని ఆడపిల్లలు మామూలుగా పెరిగితే ఆ పుంజులో ఈ జన్యువు లేదని నమ్మొచ్చు?